పిల్లిని ఒళ్ళో పెట్టుకున్న పాత పెన్సిల్ బొమ్మ – ఎప్పటిదో చెప్పగలరా?

#1 · పాతకాగితం · లీడ్స్ · ఆదివారం రాత్రి

అందరికీ నమస్కారం. ఇక్కడ చదివేవాడినే తప్ప రాసేవాడిని కాదు. ఇవాళ మాత్రం రాయక తప్పలేదు.

మా ఊళ్ళో ఆదివారాలు ఒక మైదానంలో కార్ల డిక్కీలు తెరిచి పాత సామాన్లు అమ్ముతారు. విరిగిన టోస్టర్లు, చెవి ఊడిన టీ కప్పుల మధ్య ఒక చెక్క ఫ్రేము కనిపించింది. నాలుగు పౌండ్లు అన్నాడు, బేరమాడకుండా ఇచ్చేశాను. లోపల పెన్సిల్ బొమ్మ ఉంది, అక్కడక్కడా కొంచెం రంగు. నోటుబుక్కు పేజీ కన్నా కాస్త చిన్నది.

నాలుగైదేళ్ళ పాప పీట మీద కూర్చుని ఉంది. ఒళ్ళో పిల్లి. వెనక నలుపూ తెలుపూ కలిసిన పెద్ద కుక్క పడుకుని ఉంది. వేసినవాళ్ళు చేయి తిరిగిన వాళ్ళు కాదని చూడగానే తెలిసిపోతుంది. పాప ముఖం చపాతీలా గుండ్రంగా ఉంది, మెడ లేదు. కుక్క ముందు కాలు ఒకటి గాల్లో వేలాడుతోంది. పిల్లి అయితే గజం పొడుగుంది. పాప ఒళ్ళో మొదలై ఎడమ వైపుకి సాగుతూ సాగుతూ పోతుంది. ఈలోగా కాగితం అయిపోయింది, తోకకి చోటే లేదు!

అయినా గంట నుంచి దాన్నే చూస్తున్నాను. ఆ పిల్లి ముఖంలో ఏదో ఉంది. సంతకం లేదు, తేదీ లేదు. ఎప్పటిదై ఉంటుంది? ఇలాంటివి సేకరించేవాళ్ళు మనలో ఎవరైనా ఉన్నారా?

#2 · ఎందుకండీ_ఇదంతా · విజయవాడ

రబ్బరు పిల్లి. మా మూడో క్లాసు పిల్లాడు ఇంతకన్నా బాగా వేస్తాడు. వాడిది మూడు పౌండ్లకే ఇప్పిస్తాను, చెప్పండి.

#3 · నల్లపిల్లి_తల్లి · విశాఖ

పిల్లిని పెంచనివాళ్ళ మాట ఇది. మా నల్లది ఎండలో పడుకుని ఒళ్ళు విరుచుకుంటే ఈ గుమ్మం నుంచి ఆ గుమ్మం దాకా ఉంటుంది. ఫోటో పెద్దది చేసి చూశాను. పిల్లి కళ్ళు సగం మూసుకుంది, చెవి ఒకటి కొంచెం పక్కకి తిరిగింది. ఎవరో వెనక నుంచి పిలిస్తే లేవకుండా చెవి మాత్రం తిప్పుతాయే, అలా. అది చూడకుండా వేయగలిగింది కాదు. ఇంట్లో రోజూ ఆ పిల్లితో తిరిగినవాళ్ళే వేసుంటారు.

#4 · గోదావరి_గట్టు · రాజమండ్రి

హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరైనవాణ్ణి. లోయరు, హయ్యరు పరీక్షలకి కొన్ని వందలమందిని తయారుచేశాను కనుక తప్పులు చూడటం నాకు బాగా అలవాటు.

కొత్తవాళ్ళు చూసింది కాదు, తెలిసింది వేస్తారు. ముఖంలో ముఖ్యమైనవి కళ్ళని తెలుసు కదా, అందుకని కళ్ళని నుదుటి మీదకి తోసేస్తారు. నిజానికి మన కళ్ళు తలకి సరిగ్గా సగంలో ఉంటాయి, నమ్మకపోతే అద్దం ముందు స్కేలు పట్టుకుని చూసుకోండి. రెండేళ్ళ పిల్లల తల ఒంటి పొడవులో ఇంచుమించు ఐదో వంతు. పెద్దయ్యేసరికి ఏడో వంతుకి, ఇంకా కిందకి దిగుతుంది. ఈ లెక్క తెలియనివాళ్ళు వేసిన పిల్లలు గౌను తొడుక్కున్న మేనత్తల్లా ఉంటారు. పిల్లి ముఖం కూడా ఇంతే. కళ్ళూ ముక్కూ మనిషి కొలతలో పెట్టేస్తారు, పాత బొమ్మల్లో పిల్లులన్నీ ఎవరో తాతయ్యలా చూస్తుంటాయి.

ఇక చేతులు. వేళ్ళు వేయడం అందరికీ గండమే. మీ బొమ్మలో పాప చేతులు రెండూ పిల్లి బొచ్చులోకి వెళ్ళిపోయాయి గమనించారా? పెంపుడు జంతువు ఉంటే ఇదొక సౌకర్యం. పది వేళ్ళ బాధ తప్పుతుంది.

ఇన్ని తప్పుల మధ్య ఒక్కటి ఒప్పుగా పడిందంటే అది ప్రేమగా చూసిన చోటే పడుతుంది. పై అమ్మాయి చెప్పిన చెవి అలాంటిది. ఆ గజం పొడుగు మాత్రం కొలత తప్పడమే, అందులో సందేహం లేదు.

#5 · పాతకాగితం

మాస్టారూ, మీరు చెప్పాక ఫోన్ టార్చ్‌ని పక్క నుంచి ఏటవాలుగా పట్టి చూశాను. పిల్లి చెవుల దగ్గర చెరిపేసిన గీతలు ఉన్నాయి, పెన్సిల్ నొక్కిన గాడి మాత్రం మిగిలింది. మూడు చోట్ల మూడు చెవులు! పిల్లి తల తిప్పినప్పుడల్లా చెరిపి మళ్ళీ వేసినట్టున్నారు. పాప దగ్గర అలాంటి చెరుపుళ్ళేమీ లేవు.

#6 · గోదావరి_గట్టు

చూశారా. పాప "కదలకు" అంటే వింది, పిల్లి వినలేదు.

చెరుపుడు మాట వచ్చింది కనుక చెబుతున్నాను. పూర్వం పెన్సిల్ గీతని బ్రెడ్డు ముక్కతో రుద్ది చెరిపేవారు. చెట్టుపాల జిగురు ఆ పనికి పనికొస్తుందని 1770లో ప్రీస్ట్‌లీ తన పుస్తకంలో రాశాడు, అదే ఆక్సిజన్ కనిపెట్టిన ప్రీస్ట్‌లీ. 'రుద్దేది' కనుక రబ్బర్ అయింది. దాన్ని ఇండియా రబ్బర్ అన్నారు గానీ వచ్చింది దక్షిణ అమెరికా నుంచి. మన పేరు పెట్టుకున్నారంతే.

#7 · ఎడిసన్_పిన్ని · న్యూజెర్సీ

ఈ చర్చ నాకోసమే పెట్టినట్టుంది! న్యూయార్క్‌లో అమెరికన్ ఫోక్ ఆర్ట్ మ్యూజియం అని ఒకటుంది, మనవాళ్ళెవరూ వెళ్ళరు, టిక్కెట్టు కూడా లేదు. వాళ్ళ దగ్గర ఒక బొమ్మ ఉంది. ఎర్ర గౌను వేసుకున్న పాప, చేతుల్లో తెల్ల పిల్లి, కాళ్ళ దగ్గర కుక్క, మెడలో పగడాల దండ. అమ్మీ ఫిలిప్స్ అనే ఆయన 1830 – 35 మధ్యలో వేశాడు. 1998లో అమెరికా పోస్టల్ శాఖ దాన్ని స్టాంపు కూడా వేసింది.

ఆయన ఎక్కడా పెద్దగా నేర్చుకోలేదు. కనెక్టికట్, న్యూయార్క్, మసాచుసెట్స్ పల్లెల్లో ఊరూరా తిరుగుతూ వేసేవాడు. ఆ పాప ముఖం కూడా చదునుగానే ఉంటుంది, గౌను ఎర్ర కాగితం కత్తిరించి అంటించినట్టుంటుంది. అయినా దాని ముందు నుంచి కాలు కదలదు. మీకు నాలుగు పౌండ్లకి దొరికింది దాని చెల్లెలే అనిపించింది నాకు.

పగడాలు కూడా చూడండి. అక్కడా పిల్లలకి దిష్టి తగలకుండా, జబ్బు చేయకుండా పగడాలు వేసేవారు. మా అమ్మ మా అందరికీ వేసినట్టే.

#8 · గోదావరి_గట్టు

అమ్మా, బొమ్మ గొప్పదే. కానీ ఫిలిప్స్ డబ్బు తీసుకుని వేశాడు, అది ఆయన కూడు. ఇక్కడ మాట్లాడుతున్నది సరదాకి, ఇంట్లోవాళ్ళకోసం వేసుకున్న బొమ్మల గురించి. రెండింటినీ ఒక గాటన కట్టలేం. ఆయన అదే ఎర్ర గౌనుతో, అదే కుక్కతో ఇంకొందరు పిల్లల్ని కూడా వేశాడు. ఫోటో స్టూడియోలో వెనక తాజ్‌మహల్ తెర లాంటిదన్నమాట. ఇంట్లోవాళ్ళు వేస్తే ఆ ఇంటి పిల్లే వస్తుంది, వేరే పిల్లి రాదు.

#9 · ఎడిసన్_పిన్ని

ఒప్పుకోను మాస్టారూ. డబ్బు తీసుకున్నంత మాత్రాన కళ్ళు పోతాయా?

విలియం మాథ్యూ ప్రయర్ అనే ఇంకొకాయన 1831లో అమెరికాలోని మెయిన్ అనే రాష్ట్రంలో పేపర్లో ప్రకటన ఇచ్చాడు. నీడలూ గీడలూ లేకుండా చదునుగా వేస్తే పావు ధరకే వేసిస్తానని! మనకి చేతగానితనంలా కనిపించే చదునుతనం ఒక్కోసారి బిల్లు తగ్గించుకోవడమే.

స్ప్రింగ్‌ఫీల్డ్ ఊరి జోసెఫ్ వైటింగ్ స్టాక్ సంగతి వినండి. పదకొండేళ్ళప్పుడు ఎద్దుబండి తన మీద పడి నడుము కింద నుంచి చచ్చుబడిపోయింది. ఒక డాక్టరు చక్రాల కుర్చీ చేయించి ఇస్తే, దాంట్లో కూర్చుని రైలెక్కి ఊళ్ళు తిరిగి బొమ్మలు వేశాడు. డైరీ రాసుకున్నాడు. అందులో తొమ్మిది వందలకు పైగా బొమ్మల లెక్క ఉంది. చాలా వాటిలో పిల్లలూ, వాళ్ళ కుక్కలూ పిల్లులూ. కొన్నిటి పక్కన చనిపోయిన బిడ్డని చూసి వేశానని రాసుకున్నాడు. అప్పటికి ఫోటోలు ఇంటింటికీ రాలేదు, ఆ తల్లికి మిగిలేది ఆ బొమ్మ ఒక్కటే. కుక్కపిల్లని పక్కన పెట్టి బిడ్డ బతికి ఆడుకుంటున్నట్టే వేసేవాడు. ఏం చూసినా రాని కన్నీళ్ళు నాకు ఆ ఒక్క వాక్యానికి వచ్చాయి.

#10 · గోదావరి_గట్టు

సరేనమ్మా. ఆయన విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఫిలిప్స్ విషయంలో తీసుకోను.

#11 · కుట్టుమిషన్ · హైదరాబాద్

పాత దుస్తుల మీద పిచ్చి ఉన్నదాన్ని, టైలరింగ్ నా వృత్తి. గౌను సంగతి నేను చెబుతా.

ఆ చేతులు చూడండి. భుజం దగ్గర గుమ్మడికాయంత ఉబ్బి, ముంజేతి దగ్గర బిగుతుగా అయిపోయాయి. మన బుట్ట చేతులకి ముత్తాతలు ఇవి. ఇంగ్లండులో 1830ల మొదట్లో పిచ్చి పిచ్చిగా ఉబ్బాయి, 1836 ప్రాంతంలో ఉన్నట్టుండి గాలి తీసేసిన బెలూన్లలా పడిపోయాయి. గౌను కింద లేసు అంచున్న పైజామా కనిపిస్తోంది, అది కూడా ఆ కాలానిదే. కాబట్టి బొమ్మ 1830 – 36 మధ్యది అనుకోవచ్చు.

ఇంకో మాట. అది పాప కాకపోవచ్చు.

పాపిడి చూడండి, పక్కకి తీశారు. ఆ కాలపు బొమ్మల్లో ఎక్కువగా ఆడపిల్లలకి నడి పాపిడి, మగపిల్లలకి పక్క పాపిడి. నాలుగేళ్ళు, ఐదేళ్ళు, ఒక్కోసారి ఏడేళ్ళు వచ్చేదాకా మగపిల్లలకి కూడా గౌన్లే వేసేవారు. ఉచ్చ పోయించడం తేలిక, ఎదిగే పిల్లాడికి నిక్కరు బొత్తాలు మార్చే బాధ లేదు. ఆ తర్వాత ఒక రోజు చూసుకుని నిక్కరు తొడిగితే అదొక ఇంటి పండుగ. పీట కింద ఏదో పుల్లలా ఉంది, పెద్దది చేసి పెడతారా? కొరడా అయితే మగపిల్లాడే.

#12 · పాతకాగితం

పెద్దది చేశాను. కొరడానే. చివర దారం వేలాడుతోంది. నేను కొన్నప్పటి నుంచి దాన్ని చిన్నమ్మలూ అని పిలుస్తున్నాను!

#13 · నల్లపిల్లి_తల్లి

మా ఇంట్లో మా తమ్ముడికి మూడేళ్ళప్పుడు పట్టు లంగా కట్టి, సవరం పెట్టి, పూలజడ కుట్టి తీయించిన ఫోటో ఉంది. వాడి పెళ్ళిలో అది ప్రొజెక్టర్ మీద వేశాం. ఇంకా మాతో సరిగ్గా మాట్లాడటం లేదు.

#14 · ప్లీడర్_గుంటూరు

ప్రతి తెలుగింట్లో ఒకటి ఉంటుంది. మా ఇంట్లోది నాదే. ఈ విషయం మీద ఇంతకు మించి వాంగ్మూలం ఇవ్వను.

#15 · ఎందుకండీ_ఇదంతా

సరదాగా ఉంది గానీ ఒక మాట అడుగుతా, కోప్పడకండి. ఆ 1830ల్లో మన దేశంలో ఇంగ్లీషువాళ్ళేం చేస్తున్నారో మనకి తెలుసు. గవర్నర్ జనరల్ ఆక్లండ్ చెల్లెలు ఎమిలీ ఈడెన్ ఇక్కడ బొమ్మలు వేసుకుంటూ తిరిగింది. ఆవిడ కుక్కకి ప్రత్యేకంగా ఒక నౌకరు. మనం రెండు వందల ఏళ్ళ తర్వాత కూర్చుని వాళ్ళ పిల్లల పిల్లులకి దిష్టి తీస్తున్నాం. మన పిల్లలు వేసిన బొమ్మలు ఏవి? మన పిల్లులు ఏవి?

#16 · గోదావరి_గట్టు

కోపం ఎందుకు, అడగాల్సిన ప్రశ్నే. మన ఇళ్ళలో బొమ్మలు వేయలేదని కాదు. గోడ మీద బొగ్గుతో వేశారు, పండక్కి సున్నం కొట్టేశారు. వాకిట్లో ముగ్గుతో చిలకని వేశారు, సాయంత్రానికి తొక్కేశారు. నోటు పుస్తకం చివరి పేజీలో వేశారు, వేసవి సెలవుల్లో పాత పేపర్లవాడికి తూకానికి వేశారు. నా విద్యార్థుల బొమ్మలు నేనే దాచలేదు. ఆ నేరం నాది, ఇంగ్లీషువాడిది కాదు.

ఇంకొకటి. మా ఊరికి, మీరనే ఆ కాలానికి ఒక లంకె ఉంది. 1830ల చివర్లో రాజమండ్రిలో జేమ్స్ థామస్ అనే జిల్లా జడ్జి ఉండేవాడు. ఆయన భార్య జూలియా ఇక్కడి నుంచి ఇంటికి రాసిన ఉత్తరాలు 1843లో లండన్‌లో పుస్తకంగా వచ్చాయి, పేరు లేకుండా, 'ఒక మహిళ' రాసినవని. భర్త పోయాక ఇంకో పెళ్ళి చేసుకుని జూలియా మెయిట్లండ్ అయింది. తర్వాత ఆవిడ పిల్లలకోసం ఒక కుక్క తన కథా, పిల్లి కథా చెప్పుకున్నట్టు ఒక పుస్తకం రాసింది, 1854లో. దానికి బొమ్మలు వేసిన హారిసన్ వియరే 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో పిల్లుల ప్రదర్శన పెట్టించాడు. గోదావరి గట్టున తిరిగిన మనిషి ఆ కుక్కా పిల్లీ కథ రాసింది. ఇది మంచో చెడో నేను చెప్పను, ఉన్నమాట చెప్పాను.

#17 · ఎడిసన్_పిన్ని

ఇంకో కోణం కూడా చూడాలి బాబూ. ఇంట్లో సరదాకి అలాంటి బొమ్మలు వేసినవాళ్ళలో చాలామంది ఆడవాళ్ళు. సంగీతం, ఫ్రెంచి, కుట్టుపని, బొమ్మలు వేయడం నేర్పించేవారు. ఎందుకు? పెళ్ళి సంబంధాలకి. మన హార్మోనియం, అల్లికలు లాగే. నిజంగా చిత్రకారిణి అవుతానంటే మాత్రం తలుపు మూసేవారు. లండన్ రాయల్ అకాడమీ 1768లో మొదలైనప్పుడు సభ్యుల్లో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. ఆ తర్వాత ఇంకొకరిని పూర్తి సభ్యురాలిగా ఎన్నుకున్నది 1936లో! వాళ్ళ బడిలో చేరడానికి లారా హెర్‌ఫర్డ్ 1860లో పేరు పూర్తిగా రాయకుండా పొడి అక్షరాలు పెట్టి బొమ్మలు పంపింది. మగాడనుకుని సీటిచ్చారు.

మోడల్‌ని కూర్చోబెట్టి నేర్చుకునే వీలు లేనప్పుడు ఏం వేస్తారు? ఇంట్లో ఎవరుంటే వాళ్ళని. తమ్ముణ్ణి, పిల్లిని. ఇలాంటి బొమ్మలు ఇన్ని ఉండటానికి నాకు కనిపించే కారణం అదే.

#18 · ప్లీడర్_గుంటూరు

ఈ పిల్లలూ కుక్కల బొమ్మల వల్ల ఒక పెద్ద కేసు కూడా నడిచింది తెలుసా?

విక్టోరియా రాణికీ ఆవిడ భర్త ఆల్బర్ట్‌కీ ఈ సరదా ఉండేది. 1840 నుంచి రాగి రేకుల మీద తమ పిల్లల్నీ కుక్కల్నీ గీసి ముద్ర వేసుకునేవారు. రాణిగారి టెర్రియర్ ఐలే, ఆల్బర్ట్ గారి గ్రేహౌండ్ ఈయోస్ అందులో ఉంటాయి. అవి అచ్చంగా ఇంట్లోవాళ్ళకోసం. ముద్ర వేయడానికి రేకుల్ని విండ్సర్‌లో ఒక ప్రెస్సుకి పంపితే, అక్కడి పనివాడు దొంగచాటుగా అదనపు కాపీలు తీసుకున్నాడు. అవి చేతులు మారి స్ట్రేంజ్ అనే ప్రచురణకర్త దగ్గరికి చేరాయి. ఆయన టిక్కెట్టు పెట్టి ప్రదర్శిస్తానని కేటలాగ్ అచ్చేశాడు. ఆల్బర్ట్ కోర్టుకెక్కాడు. 1849లో కోర్టు ప్రదర్శన మాత్రమే కాదు, ఆ కేటలాగ్ కూడా వేయకూడదని ఆపేసింది. ఇంట్లో గీసుకున్న బొమ్మలో ఏముందో బయటికి చెప్పడం కూడా తప్పేనని.

1890లో అమెరికాలో వారెన్, బ్రాండైస్ ప్రైవసీ హక్కు గురించి రాసిన ప్రసిద్ధ వ్యాసం ఈ తీర్పు మీద బాగా ఆధారపడింది. 2017లో మన సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలతో ప్రైవసీ ప్రాథమిక హక్కు అన్నప్పుడు ఆ వ్యాసం ప్రస్తావన తీర్పులో ఉంది. అంటే మన ఆధార్ గొడవ వెనక ఎక్కడో ఒక మూల ఆ కుక్కలు కూడా పడుకుని ఉన్నాయి.

#19 · ఎందుకండీ_ఇదంతా

ఇది మాత్రం బాగుంది. కుక్కలకి నౌకర్లే కాదు, ప్లీడర్లు కూడా.

#20 · కొత్తసభ్యుడు_నెల్లూరు

అన్నా, బొమ్మ మీద మచ్చలు ఉన్నాయి కదా. లామినేషన్ చేయించెయ్యండి. మా తాత గారి పట్టా అలాగే చేయించాం, వాన పడినా ఏం కాదు.

#21 · జిగురుడబ్బా · హైదరాబాద్

వద్దు! వద్దు! వద్దు! పాత కాగితాలు బాగుచేసే పనిలో ఉన్నాను, ఈ మాట వింటే నాకు బీపీ వస్తుంది. లామినేషన్ అంటే వేడి చేసి ప్లాస్టిక్‌ని కాగితంలోకి కరిగించడం. మళ్ళీ విడదీయడం దాదాపు అసాధ్యం. తాత గారి పట్టా సంగతి ఇంక మాట్లాడొద్దు, అయిపోయింది.

గోధుమ రంగు మచ్చల్ని ముట్టుకోకండి. చెమ్మ, బూజు, కాగితంలో ఇనుము రేణువుల వల్ల వస్తాయవి. బ్లీచింగ్ వీడియోలు చూడకండి. సెల్లోటేప్ వేయకండి. ఎండ తగిలే గోడకి పెట్టకండి. గాజు బొమ్మకి ఆనకుండా మధ్యలో యాసిడ్ లేని మౌంట్ బోర్డు, అంటే బొమ్మ చుట్టూ కిటికీలా కోసిన అట్ట, ఉండాలి. ఇప్పుడున్న పాత అట్ట బహుశా యాసిడ్‌తో నిండి ఉంటుంది, దానివల్లే అంచులు పసుపెక్కుతాయి.

ఒక్క పని చేయండి. ఫ్రేము వెనక చెక్క మెల్లగా తీసి, కాగితాన్ని మౌంట్‌తో సహా కిటికీ వెలుతురుకి అడ్డంగా పట్టండి. వాటర్‌మార్క్, అంటే తయారీలోనే కాగితంలో పడిన గుర్తు, ఏమైనా కనిపిస్తుందేమో చూడండి. మౌంట్‌కి అంటుకుని ఉంటే మాత్రం పీకొద్దు.

#22 · పాతకాగితం · మంగళవారం

చేతులు వణుకుతూ తీశాను. మూలల్లో ఎప్పటిదో జిగురు ఉంది, మౌంట్‌కి గట్టిగా పట్టుకుంది, పీకలేదు. కిటికీకి పట్టాను. కనిపించింది!! పెద్ద ఇంగ్లీషు అక్షరాలు 'ఎమ్ ఏ ఎన్', దాని కింద '37'. ముందు ఏమీ లేదు, బొమ్మ ఎడమ అంచు దగ్గర అక్షరాలు తెగిపోయాయి.

#23 · జిగురుడబ్బా

వాట్‌మన్ కాగితం! 'మన్' మిగిలింది. కెంట్ ప్రాంతంలో తయారయ్యేది, నీటిరంగులకి అప్పట్లో దాన్ని మించింది లేదు. కింద 1837, అందులో '18' పోయింది. 1794లో ఒక పన్ను చట్టం వచ్చాక ఇంగ్లండు కాగితాల్లో సంవత్సరం వేయడం మొదలైంది. బొమ్మలు సేకరించేవాళ్ళకి అదొక వరం. కాకపోతే అది కాగితం పుట్టిన ఏడాది, బొమ్మ పుట్టిన ఏడాది కాదు. 1837కి ముందుది కాదని మాత్రం గట్టిగా చెప్పొచ్చు.

ఇంకో సంగతి. అక్షరాలు ఎడమ వైపు తెగాయంటే కాగితాన్ని ఎడమ వైపు కోశారన్నమాట. అది బొమ్మ వేయకముందో, తర్వాతో.

#24 · గోదావరి_గట్టు

నాకు కుక్క నిద్ర పట్టనివ్వలేదు. గాల్లో వేలాడే ఆ కాలు ఎక్కడో చూశానని అనుకుంటూనే ఉన్నాను. ఇవాళ దొరికింది. అది ఆ ఇంటి కుక్క కాదు!

ఎడ్విన్ లాండ్సీర్ అని జంతువుల బొమ్మల్లో ఆ రోజుల్లో మహా పేరున్నవాడు. నీళ్ళలో మునిగేవాళ్ళని కాపాడుతుందని పేరున్న న్యూఫౌండ్లండ్ జాతి కుక్క ఒకదాన్ని, ఆ పని చేసే సంఘానికి అది గౌరవ సభ్యుడన్నట్టు పేరు పెట్టి వేశాడు. 1838లో రాయల్ అకాడమీలో ప్రదర్శించారు. రేవు గట్టు మీద పడుకుని ఉంటుంది, ముందు కాలు గట్టు అంచు మీద నుంచి నీళ్ళ వైపు జారి ఉంటుంది. ఆయన బొమ్మల అచ్చులు ఇంటింటి గోడకీ చేరాయి. ఆ నలుపు తెలుపు జాతినే ఇప్పుడు లాండ్సీర్ అంటారు.

మన చిత్రకారిణి అచ్చు చూసి కుక్కని దించింది. గట్టు మాత్రం దించలేదు, కింద తివాచీ పరిచింది. కాలు అలాగే గాల్లో ఉండిపోయింది.

#25 · నల్లపిల్లి_తల్లి

అందుకే కుక్క అంత నున్నగా, ఎవరి ఇంటిదో అన్నట్టుంది. పిల్లికి మాత్రం మూడు చెవులు చెరపాల్సి వచ్చింది. ఎదురుగా ఉంది కాబట్టి.

#26 · ఎడిసన్_పిన్ని

1839లో ఫోటో వచ్చింది కదా, ఇంకా చేత్తో ఎందుకు వేసుకున్నారని మా అబ్బాయి అడిగాడు. మొదట్లో నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవాలిరా అన్నాను. పిల్లాడే కూర్చోడు, పిల్లిని ఎవరు కూర్చోబెడతారు? ఫోటోలో పొగమంచులా వచ్చేది.

#27 · పాతకాగితం

అయితే 1838 తర్వాతది. మరి కుట్టుమిషన్ గారూ, బుట్ట చేతులు 36కే పడిపోయాయన్నారు?

#28 · కుట్టుమిషన్

నేనూ అదే ఆలోచిస్తున్నాను. జవాబు మన ఇళ్ళలోనే ఉంది. అక్క గౌను! పెద్దపిల్లకి 1834లోనో 35లోనో కుట్టించిన గౌను, నాలుగైదేళ్ళు దాచి తమ్ముడికి తొడిగారు. భుజాలు కిందకి జారి ఉన్నాయి చూడండి, మెడ దగ్గర వదులుగా ఉంది. మాస్టారు 'మెడ లేదు' అన్నది కొంత చిత్రకారిణి తప్పు, కొంత గౌను కొలత.

#29 · గోదావరి_గట్టు

మెడ లేదన్నది నేను కాదు, పాతకాగితం గారు. అయినా ఒప్పుకుంటున్నాను.

#30 · పాతకాగితం · పది రోజుల తర్వాత

క్షమించాలి, ఆలస్యమైంది. జిగురుడబ్బా గారు చెప్పినట్టు నేను పీకలేదు. ఇక్కడ కాగితాలు బాగుచేసే ఒకావిడ దగ్గరికి తీసుకెళ్ళాను. జిగురు మెత్తబరిచి మెల్లగా మౌంట్ నుంచి లేపింది. నాలుగు పౌండ్ల బొమ్మకి ఎంతయిందో మా ఆవిడకి చెప్పలేదు, మీకూ చెప్పను.

మౌంట్ కింద ఎడమ వైపు ఒక వేలెడు వెడల్పు కాగితం దాగి ఉంది. ఇన్నాళ్ళూ మనం చూడనిది. ఆ పట్టీలో బొమ్మ ఉంది. ఒక బుట్ట చేయి సగం. కింద గౌను మడతలు, ఒక మోకాలు. పిల్లి వెనక కాళ్ళు ఆ మోకాలి మీద ఉన్నాయి. ఆ తర్వాత కత్తెర కోత.

పిల్లి ఒకరి ఒళ్ళో లేదండీ. ఇద్దరి ఒళ్ళో పడుకుంది. తల తమ్ముడి దగ్గర, కాళ్ళు అక్క దగ్గర.

#31 · నల్లపిల్లి_తల్లి

గజం పొడుగు!!!

#32 · గోదావరి_గట్టు

కొలత తప్పలేదు. తప్పింది నాకు. ఆ పిల్ల సరిగ్గానే వేసింది. నా జీవితంలో ఎంతమంది పిల్లల కాగితాల మీద ఎర్ర సిరాతో సున్నా చుట్టానో.

#33 · కుట్టుమిషన్

పట్టీలో ఉన్న చేయి కూడా బుట్ట చేయే అంటే, అక్కవి రెండు గౌన్లు ఉండేవన్నమాట. లేదా నా అక్క గౌను సిద్ధాంతం పోయినట్టే. పాత ఫ్యాషనే ఆ ఊళ్ళో ఇంకా నడుస్తుండొచ్చు. ఫోటో పెట్టండి, చేతి కుట్టు చూడాలి.

#34 · ప్లీడర్_గుంటూరు

కోసింది ఎవరు, ఎందుకు? ఫ్రేముకి పట్టక కోశారా? అక్క బొమ్మ ఆవిడే తీసుకుని అత్తారింటికి వెళ్ళిందా? పిన్నిగారు చెప్పిన స్టాక్ డైరీ గుర్తొస్తోంది, ఆ వైపు ఆలోచించడం నాకు ఇష్టం లేదు.

#35 · పాతకాగితం

నాకూ ఇష్టం లేదు. మొన్న ఆదివారం ఆ అమ్మినతన్ని వెతుక్కుంటూ వెళ్ళాను. ఎవరిదో ఇల్లు ఖాళీ చేస్తే వచ్చిన సామాను అన్నాడు. ఇంకో రెండు పెట్టెలు విప్పలేదట, గ్యారేజీలో ఉన్నాయట. వచ్చే ఆదివారం తెస్తానన్నాడు.

#36 · ఎందుకండీ_ఇదంతా

వర్షం పడినా వెళ్ళండి. ఆరింటికే వెళ్ళండి, తర్వాత వెళితే ఇంకెవడో కొనేస్తాడు. తోక దొరికితే వెంటనే ఇక్కడ పెట్టండి.